ముందు సీటుకు సరిపడేంత మాట

మా వీధి మలుపులో టిఫిన్ బండి వాడు ఈ మధ్య ఉగ్గానితో ఇచ్చే మిరపకాయ బజ్జీని నిలువునా రెండుగా కోసి పెడుతున్నాడు. పళ్లెంలో చూస్తే రెండు బజ్జీలు. తింటే ఒకటి. ఇదేమిటని అడిగితే, "కోస్తే లోపల ఉడికినాదో లేదో తెలుస్తాది సార్" అన్నాడు. నా ఆరోగ్యం మీద ఇంత శ్రద్ధ పెట్టిన వ్యాపారిని కర్నూలులో ఇంకొకణ్ని చూడలేదు. ఇలాంటివి ఎవరితోనైనా చెప్పుకుంటే గానీ పొద్దు గడవదు. ఒకప్పుడైతే కారెక్కగానే చెప్పేసేవాణ్ని. ఇప్పుడు చెప్పాలంటే వెనక సీటులోంచి వంగి, రెండు సీట్ల మధ్య తల దూర్చి, ముందున్న ఇద్దరి మాటలు ఆగేదాకా కాచుకుని చెప్పాలి. సగం బజ్జీ కోసం అంత శ్రమ ఎందుకని ఊరుకుంటున్నాను.

కారు నాది కాదు. అది మొదటే చెప్పడం మంచిది. నంద్యాలలో ఒక డిగ్రీ కాలేజీలో నేను ఇంగ్లీషు చెబుతాను. ఇల్లు కర్నూలులో. రోజూ పోయి రావడాన్ని మా ఉద్యోగులు అప్ అండ్ డౌన్ అంటారు. చేసేవాళ్ల మొహాల్లో డౌన్ ఒక్కటే కనిపిస్తుంది. కారు కామర్స్ చెప్పే నా స్నేహితుడిది. ఆయన కోసిగి దిక్కు మనిషి. ఇద్దరం ఒకే ఏడు కాలేజీలో చేరాం, ఒకే ఏడు బట్టతల మొదలుపెట్టాం. ఆయన తోలేవాడు, నేను పక్కన కూర్చునేవాణ్ని. ఏళ్ల తరబడి అదే పద్ధతి.

మా ఆట ఓర్వకల్లు దాటాక పుట్టింది. అక్కడ రోడ్డు పని నడుస్తుంటే ఒక లారీ వెనక చాలాసేపు ఇరుక్కుపోయాం. చూడ్డానికి దాని వెనక భాగం తప్ప ప్రపంచంలో ఇంకేమీ మిగల్లేదు. నంబరు ప్లేటు మీద ఏ, పీ, తర్వాత అంకెలు, తర్వాత ఎస్, ఎల్ అని ఉన్నాయి. ఆ నాలుగు అక్షరాలూ అదే వరసలో వచ్చే ఇంగ్లీషు మాట చెప్పమన్నాను. మధ్యలో ఏ అక్షరాలు దూరినా ఫర్వాలేదు, వరస మాత్రం తప్పకూడదు. మా వాడు కాసేపు ఆలోచించి "క్యాప్సూల్" అన్నాడు. నేను "అప్రైజల్" అన్నాను. ఆ ఏడు కాలేజీ వాళ్లు నా పనికి కట్టిన విలువ కాగితం మీద చూసుకుని అప్పటికి వారం కాలేదు, కాబట్టి ఆ మాట నాలుక మీదే ఉంది.

"నీ తలకాయలో ఎన్ని ఉండాయప్పా మాటలు," అన్నాడు మా వాడు.

ఆ ఒక్క మాట కోసం తర్వాతి నాలుగైదేళ్లు నేను రోడ్డు మీద ఇంకేమీ చూడలేదు. ఎవరి మాట పొడుగైతే వాళ్లది గెలుపు. తీర్పు మా వాడిది. రాజస్థాన్ లారీ వస్తే ఆట లేదు, ఆర్ తర్వాత జే చూడగానే ఇద్దరం కిటికీలోంచి బయటికి చూసేవాళ్లం. నంబరులో ఆఖరి అక్షరం జీ పడితే ఇంకో చిక్కు. ఏ క్రియకైనా ఐఎన్‌జీ తగిలించి గెలవొచ్చు. అది మనిషి చేయాల్సిన పని కాదని మా వాడు నిషేధించాడు. న్యాయంగా ఉండేవాడు, ఆ రోజుల్లో.

పోయిన ఏడాది మా కాలేజీకి జువాలజీ చెప్పడానికి రాజంపేట నుంచి ఒకాయన వచ్చాడు. మాకన్నా పదేళ్లు చిన్న. కర్నూలులో మా వీధికి దగ్గరలోనే ఇల్లు తీసుకున్నాడు కాబట్టి మా కారులోనే రమ్మన్నాం. మొదటి రోజు టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని తనంతట తానే వెనక సీటులో కూర్చున్నాడు. మర్యాద తెలిసిన మనిషి అనుకున్నాను. ఆ రోజే నేను ఒక ప్రతిపాదన చేశాను. ముగ్గురం అయ్యాం కాబట్టి ముందు సీటు ఒకరికే ఉండటం బాగుండదు, ఆటలో గెలిచినవాడు మర్నాడు ముందు కూర్చోవాలి అని. అందరూ నా పెద్దమనసు మెచ్చుకున్నారు. ఇంగ్లీషు లెక్చరర్ని, తీర్పుకు ఒక కామర్సు, పోటీకి ఒక జువాలజీ. ఇంతకన్నా చవగ్గా పెద్దమనసు ఎక్కడ దొరుకుతుంది?

కాసేపటికి ముందర ఒక సిమెంటు లారీ తగిలింది. ఏ, పీ, టీ, సీ.

"అపథెటిక్," అన్నాను, తొందర లేకుండా.

"బాగుండాది," అన్నాడు మా వాడు.

వెనక నుంచి చిన్న దగ్గు వినిపించింది. "అన్నా, నేను గూడా చెప్పొచ్చా?"

"చెప్పప్పా, దానికి అడిగేదేముంది."

"పారాసింపథెటిక్."

మా వాడు స్టీరింగు మీద వేళ్లతో అక్షరాలు లెక్కపెట్టాడు. వేళ్లు అయిపోయి మళ్లీ బొటనవేలి దగ్గరికి వచ్చాడు.

"అంటే ఏంది?"

"మనం తిని సుకంగా కూచున్నప్పుడు పనిచేసే నరాలన్నా. గుండెకాయను నిదానం చేస్తాయి, అన్నం అరిగిస్తాయి."

"అవి నాకు శానా ఉండాయి," అన్నాడు మా వాడు పొట్ట తడుముకుంటూ. ఇద్దరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నిమిషాన నాలో పనిచేసిన నరాలు వేరే రకం.

మర్నాడు నేను వెనక కూర్చున్నాను. ఆ సీటులో అంతకుముందు ఎప్పుడూ కూర్చోలేదు. కాళ్లకు చోటు తక్కువ, ఏసీ గాలి చేరదు, అయినా చెప్పుకోదగ్గ బాధ అది కాదు. మా వాడికి గేరు పక్కన ఉడకబెట్టిన వేరుశనగ కాయల పొట్లం పెట్టుకునే అలవాటు. ముందు కూర్చున్నవాడు అవి ఒలిచి ఆయన ఎడమ చేతిలో పెట్టాలి. ఆ పని ఇన్నేళ్లూ నాది. ఇప్పుడు రాజంపేట చెయ్యి ఒలుస్తోంది.

"ఈ బుడ్డలు ఆదోని నుంచి తెప్పించినా," అన్నాడు మా వాడు.

"బుడ్డలంటే ఏందన్నా? చెనిక్కాయలు కదా ఇవి."

"చెనిక్కాయలని మీ కడపోళ్లంటారు. ఈడ బుడ్డలే."

"అయితే తినేదానికి బుడ్డలు, ఒలిచేదానికి చెనిక్కాయలు. ఒలిచేది నేను కదా."

మా వాడు స్టీరింగు మీద కొట్టి మరీ నవ్వాడు. అందులో అంత నవ్వాల్సిందేముందో నాకు ఈరోజుకీ తెలియదు. నేను ఏళ్ల తరబడి ఒలిచాను. నాకు ఆ కాయకు రెండు పేర్లున్నాయన్న సంగతే తట్టలేదు.

రాజంపేట ఆయన ఒక్క క్షణం నోరు మూసేవాడు కాదు. వాళ్ల పెదనాయన కోడిపుంజు గురించి చెప్పేవాడు. ప్రాక్టికల్ పరీక్షలో కప్ప లేచి ఎగ్జామినరు బూటు మీద కూర్చున్న సంగతి చెప్పేవాడు. గండికోట చూపిస్తానని భార్యను తీసుకుపోయి, లోయ అంచున ఫోటో దిగుతుంటే కోతి వచ్చి ఆమె పెరుగన్నం డబ్బా ఎత్తుకుపోయిందట. కింద పెన్న, పైన కోతి, మధ్యలో తన సంసారం అని చెప్పేవాడు. మా వాడు కళ్లనీళ్లు తుడుచుకునేవాడు. నేను ముందు సీటులో ఉన్న రోజుల్లో కారు ఇట్లా సంతలా ఉండేది కాదు. ఎక్కగానే ఆ రోజు ఫిర్యాదు ఒకటి చెప్పేసి నేను ప్లేట్లు చదవడంలో పడేవాణ్ని, మా వాడు తోలడంలో పడేవాడు. ఓర్వకల్లు నుంచి పాణ్యం దాకా ఒక్క అనవసరమైన మాట లేకుండా పోయిన రోజులున్నాయి. అంత ప్రశాంతత మా కాలేజీ లైబ్రరీలో కూడా లేదు.

నాకు ఆ రాజంపేట ఆయన మీద అసూయ ఉందని అనుకోకండి. ఆయనకు మంచి ప్రమోషన్ వచ్చి శ్రీకాకుళం బదిలీ కావాలని మాత్రం మనస్ఫూర్తిగా కోరుకున్నాను.

మాటల విషయంలో ఒకసారి అభ్యంతరం పెట్టాను. జీవశాస్త్రం పరిభాష ఇంగ్లీషు కాదు, సగం గ్రీకు, సగం లాటిను, దాన్ని ఆటలోకి తేవడం ధర్మం కాదన్నాను.

"డిక్షనరీలో ఉండాదా లేదా?" అన్నాడు మా వాడు.

"ఉంటుంది. కానీ..."

"ఉంటే ఉన్నట్టే. నువ్వు చెప్పే మాటలు మాత్రం కోసిగిలో పుట్టినాయా?"

దాంతో ఇంట్లో అటక మీది పెద్ద డిక్షనరీ దించాను. రాత్రి అన్నం తింటూ కూడా పక్కన తెరిచి పెట్టుకునేవాణ్ని. నాలుగో రోజు మా ఆవిడ మజ్జిగ పోస్తూ అడిగింది.

"ఏందండీ, ఏమన్నా పరీక్ష రాస్తాండారా?"

"లేదు. పాఠానికి."

"పాఠానికి దాన్ని మీరు తెరిచిందే నేను చూడలా ఇంతవరకు." మజ్జిగ గిన్నె కింద పెట్టి మళ్లీ అంది. "ఆ జువాలజీ ఆయప్ప గూడా ఇట్లనే చదువుతాండాడా?"

"లేదనుకుంటా."

"అయితే లాభం లేదు," అని గిన్నె తీసుకుని లోపలికి పోయింది.

లాభం లేకపోలేదు. రోజూ ఒకే దారిన పోయి వచ్చేవాడికి ఒక సౌకర్యం ఉంటుంది. ఆ వేళకు ఆ దారిన వచ్చే బండ్లూ అవే. పాణ్యం దగ్గర బేతంచెర్ల నాపరాళ్లు వేసుకుని ఒక నీలం లారీ తరచూ మాకు ముందర తగిలేది. వెనక చెక్కల మీద రెండు చిలకల బొమ్మలు. నంబరులో ఏ, పీ, టీ, వై. ప్రశ్న ముందే తెలిసిన పరీక్షకు సిద్ధం కాని ఉపాధ్యాయుడు ఉంటాడా? వెతికి వెతికి "అప్రోచబిలిటీ" పట్టుకున్నాను. ఎవరైనా ధైర్యంగా దగ్గరికొచ్చి మాట్లాడగలిగేలా ఉండే గుణం అని అర్థం. నాకు అర్థంతో పని లేదు, పొడుగుతోనే పని. అంతకు మించి ఆ నాలుగక్షరాల్లో కప్పలూ నరాలూ ఇరకవని రూఢి చేసుకున్నాను.

లారీ రాలేదు. మర్నాడూ రాలేదు. క్వారీలో ఏమైనా గొడవ జరిగిందేమోనని పేపరు కూడా చూశాను. ముందు సీటులో కోడిపుంజు కథ మూడోసారి నడుస్తోంది, మా వాడు మొదటిసారి విన్నట్టే నవ్వుతున్నాడు. నేను వెనక నుంచి మెడ చాచి నీలం రంగు కోసం చూస్తున్నాను. చివరికి ఒక రోజు పాణ్యం ఇంకా రాకముందే దూరంగా రెండు చిలకలు కనిపించాయి.

"అప్రోచబిలిటీ," అన్నాను.

ముందున్న ఇద్దరూ మాటలు ఆపారు. కారు లారీకి దగ్గరైంది. రాళ్ల పొడి పడి పడి నంబరు ప్లేటు తెల్లగా సున్నం కొట్టినట్టు ఉంది. ఒక్క అక్షరం కనిపించడం లేదు.

"యాడుండాదప్పా నంబరు?" అన్నాడు మా వాడు.

"నాకు కనిపించింది."

"నాకన్నా వెనక కూచోని, నాకన్నా ముందర కానొచ్చిందా?"

నేను కళ్లజోడు తుడుచుకున్నాను. అప్పుడు రాజంపేట ఆయన కల్పించుకున్నాడు. "కొందరికి దూరపు చూపు బాగుంటాదన్నా. మా పెదనాయన మిద్దె మీద కూచోనే చెరువు కట్ట మీద ఎవురు పోతాండారో చెప్తాడు." మా వాడు లారీని దాటించాడు. రాజంపేట ఆయన వెనక్కి తిరిగి లారీ ముందు ప్లేటు చదివాడు. "టీ, వై. సరిపోయిందన్నా. మనకు రాలా, అన్న గెలిచినాడు."

మా వాడు అద్దంలో నన్ను అవసరమైన దానికన్నా కొంచెం ఎక్కువసేపు చూశాడు.

మర్నాడు పొద్దున కారు మా ఇంటి ముందు ఆగేసరికి రాజంపేట ఆయన దిగి, ముందు తలుపు తెరిచి పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"రాండన్నా, ఈ పొద్దు మీ సీటు."

ఆ మొహంలో ఎగతాళి కోసం వెతికాను. ఉంటే బాగుండేది. లేదు. ఆయన తలుపు పట్టుకుని ఇస్తే తీసుకునే సీటు నాది ఎట్లా అవుతుంది? నడుం పట్టేసింది, వెనకైతే ఒరిగి కూర్చోవచ్చని చెప్పి వెనక్కే ఎక్కాను. నంద్యాల దాకా ఇద్దరూ నడుం నొప్పికి మందులు చెప్పారు. ఆవనూనె మంచిదని ఒకరు, ఆముదం అని ఒకరు. ఆ విషయం మీద కూడా ఇద్దరూ కలిసి నవ్వుకున్నారు. నా నడుమే నాది, నవ్వు వాళ్లది.

ఇక గెలిస్తే నిజంగా గెలవాలని, గెలిచి మా వాడి పక్కన దర్జాగా కూర్చోవాలని నిర్ణయించుకున్నాను. నాకు కావలసింది ఒకటే. మళ్లీ ఒక్కసారి ఆయన "నీ తలకాయలో ఎన్ని ఉండాయప్పా మాటలు" అనాలి. అది ఆ రాజంపేట ఆయన వినాలి.

పరీక్ష పేపర్లు దిద్దడానికి ముగ్గురికీ కడపలో డ్యూటీ పడింది. తెలిసిన లారీలు ఒక్కటీ లేని దారి. ఎవరూ ముందే సిద్ధపడి రాలేరు. ఆళ్లగడ్డ దాటాం, చాగలమర్రి దాటాం. ముందర గండికోట కోతి మళ్లీ పెరుగన్నం ఎత్తుకుపోయింది. మైదుకూరు ఇంకా కొంత దూరం ఉందనగా తమిళనాడు కోడిగుడ్ల లారీ ఒకటి తగిలింది. టీ, ఎన్, ఏ, ఎల్.

"గ్యాస్ట్రోఇంటెస్టైనల్," అన్నాడు రాజంపేట ఆయన, కాయ ఒలుస్తూనే, దాదాపు అలవోకగా.

"మళ్లా కడుపులోకే పోయినావా," అన్నాడు మా వాడు మురిసిపోతూ.

నేను కళ్లు మూసుకున్నాను. లోపల డిక్షనరీ పేజీలు తిరగడం నిజంగా వినిపించింది. మజ్జిగ చుక్క పడి ముడుచుకున్న పేజీ కూడా కనిపించింది. లారీ పక్కకు తప్పుకుంటోంది. దాటిపోతే చెప్పింది చెల్లదు, అది మా పాత నియమం.

"ఇన్‌స్టిట్యూషనలైజేషన్."

మా వాడు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. రెండు చేతుల వేళ్లూ అయిపోయాయి, స్టీరింగు వదల్లేక మధ్యలో ఆపి, "నువ్వు లెక్కబెట్టప్పా" అని పక్కాయనకు అప్పగించాడు. ఆయన పైకి చదువుతూ నిజాయితీగా లెక్కపెట్టాడు. నాలుగు అక్షరాలు ఎక్కువే తేలాయి.

"అబ్బ, ఏం మాట తీసినారన్నా," అన్నాడాయన వెనక్కి తిరిగి, చెయ్యి చాచి. చెయ్యి కలపక తప్పింది కాదు. అరచేతిలో వేరుశనగ పొట్టు అంటుకుంది. ఓడిపోవడం కూడా నాకన్నా బాగా చేతనైన మనిషి. మా వాడు మాత్రం "పెద్దదే" అన్నాడు. అంతే అన్నాడు. నేను ఎదురుచూసిన వాక్యం రాలేదు. రోడ్డు బాగాలేదు కదా, దృష్టంతా దాని మీద ఉందని సర్దిచెప్పుకున్నాను.

కడపలో వారం రోజులు లాడ్జిలో ఉండి పేపర్లు దిద్దాం. ఆ వారమంతా నేను ఎంతో ఉదారంగా మార్కులు వేశానని గుర్తు. తిరుగు ప్రయాణంలో నా సీటు నాకు తెలుసు. చివరి రోజు మధ్యాహ్నం ఊరి బయట ఒక హోటల్లో సంగటి, నాటుకోడి పులుసు తిన్నాం. మా వాడు రెండో ముద్ద కూడా వేయించుకున్నాడు. రాజంపేట ఆయన చెయ్యి కడుక్కోవడానికి పోయాడు. నేను ముందుగా బయటికొచ్చి, ఎండలో కారు దగ్గర నిలబడి, ముందు తలుపు తెరిచి, నా సంచీ ఆ సీటు మీద పెట్టాను. వేరుశనగ పొట్లం గేరు పక్కకు సర్దాను. కొత్త పొట్లమే. బుడ్డలో చెనిక్కాయలో, ఈసారి ఒలిచేది నేను.

మా వాడు పళ్లు కుట్టుకుంటూ వచ్చాడు. సీటు మీది సంచీ చూశాడు. దాన్ని తీసి, జాగ్రత్తగా, పగిలే వస్తువేదో ఉన్నట్టు, వెనక సీటులో పెట్టాడు. హోటలు వైపు తిరిగి, "రాప్పా, ముందరికి రా, పొద్దుపోతాండాది" అని కేకేశాడు.

నేను నవ్వుమొహంతోనే అడిగాను. గొంతు కూడా మామూలుగానే ఉందనుకుంటాను. "గెలిచింది నేను కదా?"

"గెలిచినావు, ఎవురు కాదన్నారు," అన్నాడు మా వాడు, తువ్వాలుతో ముందు అద్దం తుడుస్తూ. "నువ్వు పక్కన కూచుంటే నాకు నిద్రొస్తాదప్పా."